కాకి ముట్టని ముద్ద

ఈస్టర్‌కు ముందు శనివారం మా తమ్ముడి కొడుకు సామ్యేలు ఖానాపూర్ నుంచి వచ్చాడు. బస్సులు మారి, పెద్దపల్లి ఎండలో మా ఇంటిదాకా నడిచి వచ్చినవాడికి మజ్జిగ ఇస్తే, తాగకుండా స్టూలు మీద పెట్టి నా బుట్ట వైపు చూశాడు. బుట్టలో ఒక కట్ట కొవ్వొత్తులు, అగ్గిపెట్టె, కాగితంలో చుట్టిన సున్నం, తడిగుడ్డ కింద గన్నేరు పూలు ఉన్నాయి. మంథని రోడ్డు మీద ఉన్న మా ఊరి సమాధుల తోటకు మర్నాడు పొద్దున్నే పోవడానికి సర్దుకున్నవి. మా అవ్వ, బాపు, అంటే మా అమ్మానాన్నలు, అక్కడే ఉన్నారు. ఏటా ఈస్టర్ తెల్లవారుజామున పోయి, సమాధులకు సున్నం పూసి, కొవ్వొత్తులు వెలిగించి, ఎండ ఎక్కేదాకా కూర్చుని రావడం నాకు అలవాటు. మోకాళ్లు మొరాయిస్తున్నా ఒక్క ఏడూ తప్పలేదు.

"అత్తమ్మా, గీ సారి పోకు," అన్నాడు.

ఎందుకురా అంటే ఫోన్ తీశాడు. "కొవ్వొత్తులు పెట్టుడు, పూలు పెట్టుడు, గివన్నీ అన్యాచారాలు. బొమ్మలకు మొక్కెటోళ్లకాన్నుంచి మనోళ్లు తెచ్చుకున్నయి. మా కొత్త సంఘంల అయ్యగారు మొత్తం చరిత్ర తీసి చెప్పిండు. క్రిస్మస్ సుత ఏసయ్య పుట్టిన దినం కాదంట, పాతకాలంల సూర్యుని పండుగంట. చెట్టు పెట్టుడు, గుడ్లు పంచుడు, ఏదీ మనది కాదు." వాడు చెప్పింది పూర్తిగా అబద్ధమని నేననను. ముప్పై ఏళ్లు బడిలో సోషల్ చెప్పినదాన్ని, ఈ గొడవ నాకు కొత్త కాదు. ఆ తేదీ సంగతిలో చదువుకున్నవాళ్లకే ఒకరి మాట ఒకరికి పడదు. ఒకరు అవునంటే ఒకరు కాదంటారు. సామ్యేలుకు మాత్రం ఏ సందేహమూ లేదు. అది చూస్తే నాకు కొంచెం నవ్వొచ్చింది, కొంచెం ఒళ్లు మండింది.

"ఉండొచ్చు బిడ్డా. మనమొచ్చిందే ఆడికెల్లి గద, ఉత్త చేతులతోని వస్తమా? నీ పెండ్లిల పుస్తె కట్టినవ్, అది యాడికెల్లి వచ్చింది మరి?" అన్నాను, వాడిని ఉడికిద్దామని.

"అది తీసేసినం అత్తమ్మా."

"కోడలేమన్నది?"

"ఏమంటది," అన్నాడు. అక్కడితో నా నవ్వు ఆగిపోయింది. ఆ పిల్ల ఏమీ అనలేదంటే వాడు ఏమీ అడగలేదని అర్థం. ముందు మజ్జిగ తాగు అని కసిరి, వాడెన్నడూ వినని ఒక మనిషి గురించి చెప్పడం మొదలుపెట్టాను. ఆ మనిషి వాడికి పెదనాన్న అవుతాడు. రెండేళ్లు కూడా నిండకుండా పోయాడు. వాడి నాన్న అప్పటికి పుట్టనే లేదు.

మా బాపు దానయ్య ఊరి సంఘానికి ఉపదేశి. అంటే పాస్టరు కాదు, పాస్టరు లేని రోజుల్లో ప్రార్థన నడిపేవాడు, పిల్లలకు పాటలు, వాక్యాలు నేర్పేవాడు. పాస్టరు అయ్యగారు నెలకొకసారి వచ్చి, ప్రభువు బల్ల దగ్గర రొట్టె పంచే సంస్కారం ఇచ్చి వెళ్లేవారు. మిగతా ఆదివారాలు మా బాపువే. వేపచెట్టుకు వేలాడదీసిన రైలుపట్టా ముక్కను ఇనుపకడ్డీతో మూడుసార్లు కొట్టి, మెడలో కండువా సరిచేసుకుని, వేలు అక్షరాల కింద జరుపుతూ చదివేవాడు. సంఘం రిజిస్టరును గుడ్డసంచిలో చుట్టి, ఎలుకలు కొరకకుండా దూలానికి వేలాడదీసేవాడు. ఎవరి ఇంట్లో పిల్ల పుట్టినా పురిటివాసన పోకముందే వాకిట్లో నిలబడి, "నీళ్లెప్పుడు పోయిస్తరు? ఆలస్యం చెయ్యకున్రి, పానానికి గ్యారంటీ ఉన్నదా?" అని అడిగేవాడు. బాప్తిస్మం లేకుండా పిల్ల పోతే ఆ తర్వాత ఏమవుతుందో ఆయన ఎన్నడూ నోరు తెరిచి చెప్పలేదు. కాని ఆయన మొహం చూసి అందరూ భయపడి ఒప్పుకునేవారు.

అవ్వ పేరు సాలమ్మ. శనివారం వచ్చిందంటే పేడ కలిపి గుడి అలికేది. మేము చర్చిని గుడి అనే అనేవాళ్లం, ఇప్పటికీ ఊళ్లో అలాగే అంటారు. అలుకు ఆరుతుంటే వచ్చే ఆ పచ్చివాసన, మూల పేర్చిన ఈతచాపల వాసన, లాంతరు గాజు తుడిచిన గుడ్డ నుంచి కిరోసిన్ వాసన, ఇవన్నీ కలిస్తేనే నాకు ఆదివారం వచ్చినట్టు. క్రిస్మస్ ముందు రోజు వాకిలికి సాన్పి చల్లి, ముగ్గేసి, నడుమ సిలువ పెట్టేది. సిలువ పెట్టగానే ముగ్గు మాదైపోయేది. గుమ్మానికి మామిడాకులు కట్టేది. కొత్త వడ్లు ఇంటికొస్తే మొదటి దోసెడు గుడికి ఇచ్చి, ఒక కంకుల కుచ్చు పిచ్చుకల కోసం చూరుకు వేలాడదీసేది. ఎక్కడ ఏది ఎవరిదో ఆమెకు లెక్క లేదు. పక్కింటి రాజవ్వ వాళ్లు పద్మశాలీలు, ఇంట్లో మగ్గం ఉండేది. రాజవ్వ, మా అవ్వ ఒకే ఏడు కాపురానికి వచ్చారు. రాజవ్వ బోనం వండిన రోజు మాకు అన్నం వచ్చేది, మా ఇంట్లో క్రిస్మస్‌కు గారెలు వేస్తే వాళ్లకు పోయేవి. ఇద్దరికీ దేవుళ్ల గురించి మాట పెట్టుకునే తీరికే ఉండేది కాదు.

నా తర్వాత పుట్టినవాడిని చిన్నోడు అనేవాళ్లం. బాప్తిస్మంనాడు పెట్టే పేరు బాపు మనసులో ఉంచుకున్నాడు, ముందే బయట చెప్పకూడదని మా వాళ్ల పట్టింపు. ఊరందరినీ తొందరపెట్టిన మా బాపు తన కొడుకు దగ్గరికి వచ్చేసరికి ఆగాడు. మొగపిల్లవాడు, మొక్కుకోగా పుట్టినవాడు, వాడికి నెలనెలా జరిగే మామూలు ఆరాధనలో కాకుండా కోత పండుగనాడు, జిల్లా పెద్ద అయ్యగారి చేతుల మీదుగా నీళ్లు పోయించాలని ఆశ. నాకు తెలిసి మా బాపు గొప్పకు పోయింది అదొక్కసారే. మొదటి ఏడు వానలకు దారి తెగి పెద్ద అయ్యగారు రాలేదు. సరే, వచ్చే ఏడు అనుకున్నారు. వచ్చే ఏటికి తెల్లగౌను కుట్టించారు, కొంచెం పెరుగుతాడని ఒక కుట్టు వదులుగా పెట్టించారు. అప్పటికి చిన్నోడు నడుస్తున్నాడు. అవ్వ సర్వపిండి చేస్తే గిన్నె దగ్గరే కాచుకుని కూర్చునేవాడు. పిండి, పల్లీలు, నువ్వులు కలిపి సర్వ గిన్నె లోపలివైపు ఒత్తి, చిల్లులు పొడిచి, నూనె పోసి కాలిస్తే ఆ వాసనకు వీధి చివరిదాకా ముక్కులు లేచేవి. పండ్లు సరిగ్గా రానివాడు ఆ మాడిన అంచు ముక్కను పట్టుకుని పొద్దంతా చప్పరించేవాడు. కోత పండుగ ఇంకా పక్షం రోజులుందనగా జ్వరమొచ్చింది. ఊపిరందక పక్కలెగరేశాడు. బండి కట్టి పెద్దపల్లి ఆసుపత్రికి తీసుకుపోతుంటే దారిలోనే పోయాడు.

నీళ్లు పోయనివాళ్లను సమాధుల తోటలో చివర, గోడ పక్కన పెట్టడం మా ఊరి పెద్దల అలవాటు. ఏ పుస్తకంలోనూ రాసిలేదు, కాని బాపు తానే ఆ మూల చూపించాడు, తానే మట్టి వేశాడు. ఇంటికొచ్చాక ఎవరైనా ఓదార్చబోతే లేచి పోయేవాడు. నాకప్పుడు తెలియలేదు గాని, వాకిళ్లలో నిలబడి ఆయన పదేళ్లుగా అడిగిన ప్రశ్నే ఆయనకే ఎదురు తిరిగింది.

మూడోనాడు రాజవ్వ వచ్చింది. మా అవ్వ అన్నం ముట్టకుండా గోడకు ఆనుకుని ఉంది. "పిట్టకు పెట్టిన్రానే?" అని, పోయినవాళ్ల పేరున కాకికి పెట్టే ముద్ద గురించి అడిగింది. మాలో అది లేదని అవ్వ అంది. "లేకుంటె పెట్టరాదానె? పోరడు తిన్నడో లేదో నీకెట్ల ఎర్కైతది మరి?" ఆ మాట అవ్వ మనసులో నాటుకుంది. లేచి సర్వపిండి చేసింది. మేము ముగ్గురం సమాధుల తోటకు పోయాం. గోడ పక్కన కొత్త మట్టి మీద ఆకు పరిచి, అంచు ముక్క తుంచి పెట్టి, దూరంగా వచ్చి కూర్చున్నాం. చింతచెట్టు మీద కాకులున్నాయి. అరిచాయి, దిగలేదు. ఎండ నెత్తి మీదికి వచ్చింది. "ఏదో కోరిక మిగిలినట్టున్నది. ఏందో అనుకో. తీరుస్తమని మాటియ్యి, వస్తది," అంది రాజవ్వ. వాళ్లలో అంతే. పోయినవాడి కోరిక పేరెత్తి మాట ఇస్తే కాకి దిగుతుంది. పిల్లల్ని చూసుకుంటామంటారు, చెల్లె పెళ్లి చేస్తామంటారు. మా అవ్వ ఆ మట్టి వైపు చూసి, "వానికి మిగిలింది ఒక్కటే. అది ఇప్పుడు నేనెట్ల తీర్సుదునే రాజవ్వా, నీళ్లు ఎట్ల పోయిద్దు?" అని ఏడ్చింది.  రాజవ్వ దగ్గరున్న ఆచారంలో దానికి మందు లేదు.

అది మొదలు ప్రతి ఆదివారం ఆరాధన అయ్యాక అవ్వ పోయేది. నన్ను కుక్కలను తోలడానికి వెంటబెట్టుకునేది. కాకి రాలేదు. ఒకసారి ఆమె నీళ్లకు పోయి వచ్చేలోపు నేను ముక్కను గోడ అవతలికి విసిరేసి, "అవ్వా, వచ్చింది, తిన్నది!" అన్నాను. ఆమె మొహం ఒక్క క్షణం వెలిగింది. తర్వాత నా చేతికంటిన నూనె చూసింది. "అబద్ధమాడకు బిడ్డా, ఆదివారం," అంది. కొట్టలేదు. కొడితే బాగుండేదని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది.

ఊళ్లో ఏదీ దాగదు. పాత అయ్యగారి స్థానంలో ఆ ఏడే కొత్తగా చదువు ముగించుకుని వచ్చిన చిన్న అయ్యగారి చెవిన పడింది. మంచి మనిషే, కాని పుస్తకాల వేడి ఇంకా ఆరలేదు. మామిడాకులు తీయించారు, ముగ్గులు వద్దన్నారు, దసరాకు జమ్మి పంచుకున్నవాళ్లను మందలించారు. కాకి సంగతి విని బాపును పిలిపించి నిజమా అని అడిగారు. బాపు అబద్ధం చెప్పలేదు. చెప్పి ఉంటే ఆయన మా బాపు కాడు. "సచ్చినోళ్లకు అన్నం పెట్టడం అన్యాచారం దానయ్యా. ఉపదేశి ఇంట్లోనే ఇట్లయితే మిగతావాళ్లకు ఏం చెబుతం?" అని, అవ్వకు సంస్కారం ఆపేశారు. తప్పు ఒప్పుకుని, ఇక పెట్టనని సంఘం ముందు చెప్పేదాకా ఆమె బల్ల దగ్గరికి రాకూడదు.

సంస్కారం లేకపోవడమంటే ఏమిటో ఇప్పటివాళ్లకు చెప్పడం కష్టం. నెలకొక్కసారి ఊరంతా లేచి ముందుకు పోయి మోకరిస్తుంటే, తాను అలికిన నేల మీద, తాను పరిచిన చాప మీద మా అవ్వ ఒక్కతే వెనక కూర్చునేది. రొట్టె పళ్లెం పట్టుకుని అయ్యగారి పక్కన నిలబడేది మా బాపు. ఆయన చూపు ఆ పళ్లెం మీది నుంచి లేచేది కాదు. ఇంట్లో ఇద్దరూ ఉప్పు, కట్టెలు, బర్రె వరకే మాట్లాడుకునేవారు. "ఒక్క మాట చెప్పి రారాదే, జర నా ఇజ్జత్ చూడు," అని బాపు ఒకసారి బతిమాలాడు. "చెప్త. నేనడిగింది వాళ్లు చెప్తే నేను సుత చెప్త," అంది. ఏమడుగుతావని ఆయన అడగలేదు. ఆయనకు తెలుసు. చిన్నోడు పోయి ఏడు నెలలు గడిచాయి.

ఈస్టర్ ఆదివారం వచ్చింది. ఆ పండుగ ఒక్కనాడైనా బల్ల దగ్గరికి రాకపోతే సంఘం నుంచి పేరే కొట్టేస్తారని ఎవరో భయపెట్టారు. ప్రసంగం అయ్యాక అవ్వ తనంతట తానే లేచి ముందుకు నడిచింది. నీళ్లకడవ మోసినట్టు నిటారుగా పోయింది. చిన్న అయ్యగారు కొంచెం తడబడి, "సాలమ్మా, ఇకమీద కాకులకు పెట్టనని సంఘం ముందర ఒప్పుకుంటవా?" అన్నారు.

"ఇడుస్త అయ్యగారు. ఇయ్యాల్నే ఇడుస్త. గాని నా కొడుకు యాడున్నడో చెప్పున్రి."

 అయ్యగారికి అర్థం కాలేదు.

"నీళ్లు పొయ్యకముందే పాయె. గోడ పొంటి పెట్టిన్రు. దేవుని దగ్గర ఉన్నడా, లేడా? ఆయినె అడిగితే మాట్లాడడు," అని బాపు వైపు చెయ్యి చూపింది. "మిమ్ముల నన్ను అడగనియ్యరు. గుళ్లె ఎవ్వలు చెప్పకుంటె, కాకినన్న అడుగుదమని పోయిన. తింటె ఉన్నడని, తినకుంటె లేడని. పూజ చెయ్యలే అయ్యగారు, అడగవోయిన."

చిన్న అయ్యగారు చేతిలో పుస్తకం మూశారు. ఆయనకు అప్పటికి పాతికేళ్లు ఉంటాయేమో. బల్ల ముందున్న కర్రకంచె దాటి ఇవతలికి వచ్చి, మా అవ్వ ముందు నిలబడ్డారు. ఏ గ్రంథంలో వెతికారో నాకు తెలియదు. "దేవుని దగ్గరనే ఉన్నడమ్మా," అన్నారు.

"నీళ్లు పొయ్యకున్ననా?"

"పొయ్యకున్నా. ఆలస్యం చేసింది మనం. పిల్లవాడు చెయ్యలేదు. మన ఆలస్యాన్ని దేవుడు వానిమీద వెయ్యడు."

మా బాపు చేతిలో పళ్లెం ఒరిగింది. ఎవరో అందుకున్నారు. ఆయన అలికిన నేల మీద కూలబడి, ఏడు నెలలుగా దాచుకున్నదంతా చిన్నపిల్లవాడిలా ఏడ్చాడు. అవ్వ ఏడవలేదు. అయ్యగారి మొహంలోకి చూస్తూ, కోపం లేకుండా అంది: "గీ మాట మూడోనాడే వచ్చి చెప్తే అయిపోవు గద అయ్యగారు."

ఆ తర్వాత మోకరించింది. ఆయన రొట్టె ఇచ్చారు.  ఆ తర్వాత ఆయన మా సంఘాన్ని చూసినన్నాళ్లూ చావు జరిగిన ఇంటికి మూడోనాడు తప్పకుండా వచ్చేవారు. వచ్చి కూర్చునేవారు, ముందు వాళ్లను మాట్లాడనిచ్చేవారు. ముగ్గుల గురించి మళ్లీ ఎత్తలేదు. ఆ ఏటి క్రిస్మస్‌కు అవ్వ మామిడాకులు కట్టింది. ఆయన తల వంచి వాటి కిందినుంచే లోపలికి వచ్చారు.

అప్పటికీ ఇప్పటికీ తేడా ఏమిటని ఆలోచిస్తుంటాను. మా కాలం గొప్పదని నేను చెప్పను. మా పెద్దల అలవాటే ఒక పసివాడిని గోడ పక్కకు తోసింది. అది మాత్రం ఎవరి దగ్గరా తెచ్చుకున్నది కాదు, అచ్చంగా మాదే. ఏ పండుగ ఎక్కడ పుట్టిందో అప్పుడు ఎవరికీ తెలియదు. ఇప్పుడు సామ్యేలు ఫోన్‌లో అంతా ఉంది, ఏ ఊరి దేవత, ఏ రాజు, ఏ సూర్యుడు. తప్పులేదు, తెలుసుకోవాల్సిందే. కాని ఒక ఆచారం ఎక్కడినుంచి వచ్చిందో వెతికినంత శ్రద్ధగా, ఎదుటి మనిషి దాన్ని ఎందుకు పట్టుకుని వేలాడుతోందో ఎవరూ వెతకరు. నా కోడలి మెడలో పుస్తె ఎవరి దగ్గర నుంచి వచ్చిందో వీడికి తెలుసు. అది తీసిన నాడు ఆ పిల్ల చెయ్యి ఎన్నిసార్లు మెడ దగ్గరికి పోయిందో తెలియదు. నాకు దుఃఖం అక్కడ.

ఇదంతా చెప్పి, నేను సమాధుల దగ్గర కొవ్వొత్తి ఎందుకు పెడతానో కూడా చెప్పాను. అందులో పెద్ద వేదాంతమేమీ లేదు. తెల్లవారుజామున చీకటి ఉంటుంది, గోడ పక్కన మూల కనబడదు. వాదం గెలవాలని వచ్చినవాడు ఎక్కడో ఒకచోట అడ్డు తగులుతాడనుకున్నాను. తగల్లేదు. ఫోన్ ఎప్పుడో పక్కన పెట్టేశాడు. గ్లాసు అడుగున మిగిలిన మజ్జిగను తిప్పుతూ కూర్చున్నాడు. ఇక లేస్తాడేమో అనుకుంటుంటే, తల ఎత్తకుండా, చిన్నపిల్లవాడు కథ మధ్యలో అడిగినట్టు అడిగాడు.

"మరి కాకి ముట్టిందా అత్తమ్మా?"

అన్యాచారమని ఇంతదూరం వచ్చినవాడు, అది అడగకుండా ఉండలేకపోయాడు. నాకు వాడి మీద ఎక్కడలేని ప్రేమ పుట్టుకొచ్చింది. దగ్గరికి లాక్కుని తల నిమరాలనిపించింది.

"ముట్టలేదురా," అన్నాను. "ముట్టలేదు గనుకనే మా అవ్వ అయ్యగారిని అడగవోయింది."